ఎవరింటికీ కాని ప్రయాణం

పుంగ్గోల్, సింగపూర్
7 జనవరి 2026, బుధవారం

అక్కా,

శుక్రవారం మీ మేడమ్ నీ చేతికి ఫోను ఇచ్చేసరికి ఇది చేరి ఉండాలని ఈ రోజే రాస్తున్నాను. కాగితం మీద రాసి, ఫొటో తీసి, దాన్ని కువైట్‌కు పంపడం ఏమిటని కుమారమ్మ ఆంటీ నవ్వుతుంది. ఆవిడ నేను అద్దెకుంటున్న ఇంటావిడ. వాళ్ళ ముత్తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉండిపోయారట. "వాయిస్ మెసేజ్ పెట్టెయ్ లా, చేయి నొప్పి ఎందుకు?" అంటుంది. ఇక్కడివాళ్ళు మాట చివర ఊరికే ఒక 'లా' తగిలిస్తారు. మా అక్క నా పలక మీద అక్షరాలు నేర్చుకుంది ఆంటీ, రాయకపోతే మరిచిపోతానని తన భయం అని చెప్పాను. ఆవిడ నవ్వు ఆపి, "అయితే నా గుడ్ మార్నింగ్ కూడా రాయి" అంది. రాశాను.

ఇక విషయం. మా బ్యాంకులో ఒక నియమం ఉంది. నాలాంటి పని చేసేవాళ్ళు ఏడాదికోసారి వరుసగా పది పనిదినాలు ఆఫీసుకు దూరంగా ఉండాలి. దాన్ని బ్లాక్ లీవ్ అంటారు. మనం అడిగేది కాదు, వాళ్ళే పంపుతారు. నేను చేరి ఏడాది దాటింది కనుక ఈసారి నా వంతు వచ్చింది, జనవరి 19 నుంచి 30 దాకా. అన్ని రోజులూ నా కార్డుకు తలుపు తెరుచుకోదు. కంప్యూటరు నన్ను రానివ్వదు. నా స్థానంలో ఇంకొకరు కూర్చుని, నేను చేసిన పనంతా సరిగ్గా ఉందో లేదో చూస్తారు.

అందువల్ల ఆ రోజుల్లో యూరప్‌లో ఒక ఊరికి వెళ్ళక తప్పడం లేదు. వివరాలు తర్వాత రాస్తాను. నువ్వు కంగారు పడకు.

అక్కడ ఉండడానికి నీ ఆకామా గడువు మార్చి నెలాఖరుకు అయిపోతుంది కదా. ఈసారి రెండేళ్ళకు సంతకం పెట్టనని, ఇంటికి వచ్చేస్తానని నాకు మాటిచ్చావు. మేడమ్‌కు చెప్పావా? బావ చనిపోయిన ఏడాదే వెళ్ళినదానివి. పదకొండేళ్ళు చాలు అక్కా.

నీ మోకాళ్ళకు నూనె రాస్తున్నావనే నమ్మకంతో,
నిఖిల


కువైట్
9 జనవరి, శుక్రవారం

నిఖిలా,

వంటింటి బల్ల మీద రాత్తున్నాను, కాయితానికి పిండి అంటితే ఏమనుకోకు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి మళ్ళీ అర్థం కాలేదు.

కార్డు పని చెయ్యదు, తలుపు తియ్యరు, నీ కుర్చీలో ఇంకో మనిషిని కూచోబెడతారు, నువ్వు చేసినవన్నీ తిరగేసి చూత్తారు. దీన్ని సెలవంటారా? ఇక్కడ అంతకుముందు మా ఎదురింట్లో చేసిన ప్రసన్నలక్ష్మిని కూడా ఇలాగే, పది రోజులు ఎక్కడికన్నా పోయి రెస్టు తీసుకోమని నవ్వుతా పంపారు. పదకొండో రోజు వచ్చి చూత్తే ఆ ఇంట్లో వేరే పిల్ల చపాతీలు చేత్తుంది.

ఏం తప్పు జరిగింది? ఎవరికి ఎదురు చెప్పావు? పైవాళ్ళని బతిమాలుకోవాలంటే బతిమాలుకో. చదువుకున్నదాన్నని బిగుసుకోకు. మన వంశంలో బడి గడప తొక్కినదానివి నువ్వొక్కదానివే, నీకు లొంగడం రాదని నాకెప్పుడూ బెంగే.

ఇంతకీ యూరప్‌లో ఎవరింటికి? అక్కడ మనోళ్ళు ఎవరున్నారు? పెళ్ళా? ఎవరన్నా పోయారా? ఏ దేవుడికన్నా మొక్కుందా? వెళ్ళక తప్పడం లేదని రాశావు గానీ ఎందుకో రాయలేదు. కంగారు పడకని రాశావు. నువ్వు ఆ మాట రాసిందాకా నేను బాగానే ఉన్నాను.

మేడమ్‌కి చెప్పేశాను, మార్చిలో పోతానని. "రంజాను నెల వత్తుంటే ఇప్పుడా సూరమ్మా" అని మొకం ముడుచుకుంది. నేనేం తగ్గలేదు. అయితే నీ సంగతి తేలేదాకా గట్టిగా ఏమీ అనను.

ఉల్లిపాయలు మాడుతున్నాయి.
సూరమ్మ


పుంగ్గోల్
15 జనవరి, గురువారం

అక్కా,

నా ఉద్యోగం పోలేదు. ఈ వాక్యం ముందు రాయాలని ముందు రాశాను.

నీ ఉత్తరం చదివాక నాకే అనుమానం వచ్చింది. మా ఆఫీసు ఉన్న చాంగీ బిజినెస్ పార్క్‌లో మా టీమ్‌కు పైన ఉండే సరయు ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగాను: తిరిగి వచ్చాక నా కార్డు పని చేస్తుంది కదా? ఆమె చెంచా కింద పెట్టింది. "నిఖిలా, ఇట్స్ హాలిడే లా! పో, ఎంజాయ్ చెయ్. నువ్వు ఎవరికి ఆన్సర్ చెప్పాలి?" ఎవరికి చెప్పాలో నాకు తెలుసు, కానీ ఆమెకు చెప్పలేదు.

ఊరి పేరు బుడాపెస్ట్. నది మధ్యలో, అటూ ఇటూ ఊరు. ఎవరింటికీ కాదు, హోటల్లో ఉంటాను. ఇప్పుడు అక్కడ మంచు, చీకటి. ఈ కాలంలో ఎవరూ వెళ్ళరు, అందుకే గదులు చౌకగా దొరికాయి. ఆ ఊళ్ళో నేలలోంచి వేడినీళ్ళు వస్తాయట. వాటిలో కూర్చుంటే ఒంటికి మంచిదంటారు. నాకు కొన్నాళ్ళుగా మెడా భుజాలూ పట్టేసి ఉంటున్నాయి కదా, దానికి కూడా పనికొస్తుంది.

వీసా కాగితంలో ఎందుకు వెళ్తున్నారు అని ఒక గడి ఉంది. దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. నువ్వు అడిగినవే వాళ్ళూ అడిగారు: బంధువులా, పనా, చదువా, వైద్యమా? చివర్లో ఉన్నదానికి టిక్కు పెట్టాను.

ఇక్కడ పాయా లెబార్ మాల్‌లో చలికి లోపల వేసుకునే బట్టలు కొన్నాను. కుమారమ్మ ఆంటీ తన కూతురి కోటు ఇచ్చింది. "ఈ బాజు వేసుకో, జిప్ పైదాకా పెట్టు. జూన్‌లో పోరాదా? ఐసు చూడాలంటే మా ఫ్రీజర్‌లో ఉంది, డోర్ తియ్, చూడు, మళ్ళీ వెయ్" అంది. ఆ కోటులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు.

శనివారం బయలుదేరుతున్నాను. మేడమ్ దగ్గర మెత్తబడకు.

నిఖిల


కువైట్
16 జనవరి, శుక్రవారం

నిఖిలా,

ఇప్పుడు నాకు అన్నీ అతుక్కుంటున్నాయి. నువ్వు దాచినా దాగలేదు.

పొద్దున్న మేడమ్‌కి గావా కాఫీ ఇత్తా అడిగాను, యూరప్‌లో వేడినీళ్ళ ఊళ్ళు ఉంటాయా అని. ఎందుకుండవు, మా మామగారిని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాం కదా, ఆరు వారాలు ఆ నీళ్ళలో దించి తీశారు అంది. ఇక్కడ డబ్బున్నోళ్ళు రోగాలొస్తే అక్కడికే పోతారంట. మా చెల్లెలు ఈ చలికాలంలో పోతుంది అన్నాను. ఆవిడ గావా కప్పు పక్కన పెట్టి, "చలిలో అక్కడికి ఎవరు పోతారు, డాక్టరు పంపితే తప్ప?" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. పదకొండేళ్ళలో మొదటిసారి.

నీకు ఏదో రోగం. బ్యాంకోళ్ళు కనిపెట్టారు. అందుకే కార్డు ఆపి, నీ చోట ఇంకొకరిని పెట్టి పంపేత్తున్నారు. ఉద్యోగం పోలేదు అన్నావు, ఇంకా పోలేదు అని నేను చదువుకున్నాను. మెడా భుజాలూ అన్నావు. అంత చిన్నదానికి ఏడు సముద్రాలు దాటుతారా? ఇక్కడ జండూబాం లేదా, అక్కడ లేదా?

నీ పైన చేసే ఆ సరయు ఎంజాయ్ చెయ్యమందంట. రోగం మనిషిని చూసి అందరూ అలాగే అంటారు.

అమ్మ కూడా మొదట మెడ నొప్పే అంది.

చెప్పకపోతే నేను చెప్పించుకోలేనా?
అక్క


బుడాపెస్ట్
21 జనవరి, బుధవారం

అక్కా,

నీ ఉత్తరం విమానాశ్రయంలో చదివాను. నాకు ఏ రోగమూ లేదు. అమ్మ మాట ఎత్తావు, దాని మీద దారంతా నిద్ర పట్టలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, వెళ్ళే అవసరమూ లేదు. ఇది నువ్వు నమ్మాలి.

ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే దీపాలు పెట్టేస్తారు. నేను వచ్చేసరికి క్రిస్మస్ కొట్లు విప్పి లారీల్లో పెడుతున్నారు. పెద్ద ఫౌంటెన్‌కు చెక్కలు కొట్టి మూసేశారు. మ్యూజియంలో నాకన్నా కాపలావాళ్ళు ఎక్కువ ఉన్నారు. నేను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తే, ఒకావిడ నా వెనకే వచ్చి లైటు ఆర్పుతోంది. సీజన్ కాని ఊళ్ళో తిరగడం, పెళ్ళి అయిపోయిన మర్నాడు విడిదింటికి వెళ్ళినట్టుంది. కానీ మర్యాదగా ఉన్నారు. ఎవరికీ తొందర లేదు.

ఒక కాఫీ హోటల్లో సింగపూర్ అలవాటు కొద్దీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి కాఫీ తెచ్చుకోవడానికి వెళ్ళాను. మా దగ్గర అలా పెడితే ఆ చోటు నీదే, ఇంకెవరూ కూర్చోరు. తిరిగి వచ్చేసరికి ప్యాకెట్ లేదు. వడ్డించే అతను దాన్ని చెత్తలో వేసి, టేబుల్ తుడిచి, నవ్వుతూ నిలబడ్డాడు. హోటల్లో మొత్తం ఉన్నది నేనూ ఒక ముసలాయనా. ఎవరి నుంచి చోటు దాచుకున్నానో నాకే తెలియలేదు.

నిన్న వేడినీళ్ళకు వెళ్ళాను. ఆకాశం కింద పెద్ద కొలను, చుట్టూ మంచు, నీళ్ళ మీద పొగ. పీకల్లోతు నీళ్ళలో ముసలివాళ్ళు చదరంగం ఆడుతున్నారు. నేనూ దిగాను. కాసేపటికి ఎందుకో ఏడుపొచ్చింది. నొప్పేమీ లేదు. ఎందుకో తెలియదు. పొగలో ఎవరికీ కనబడలేదు.

ఫొటో పంపుతున్నాను.
నిఖిల


కువైట్
23 జనవరి, శుక్రవారం

నా బంగారు తల్లీ,

ఫొటో చూశాను. కోటు లోపల నువ్వు ఎక్కడున్నావో వెతుక్కున్నాను. చిక్కి సగమైపోయావు. ఇంక నిన్ను ఏమీ అడగను. నీళ్ళలో కూచుని ఏడ్చానని రాశావే, ఆ ఒక్కటీ నిజం రాశావు. మిగతాది నేను అడగను.

నువ్వు దేనికీ బెంగ పెట్టుకోకు. ఉద్యోగం ఉంటే ఉంటది, పోతే పోతది. మంచి డాక్టరుకి చూపించుకో. నేనున్నాను.

రెండేళ్ళకి సంతకం పెట్టేశాను. మేడమ్ ఆ కాయితం ఫిబ్రవరి ఒకటో తారీకు, ఆదివారం, ఆఫీసుకి పంపుతుంది. నా పేరు తెలుగులో రాశాను, వేలిముద్ర వెయ్యలేదు. ఆవిడ చూసి మెచ్చుకుంది.

వేడినీళ్ళు మానకు.
అక్క


బుడాపెస్ట్
24 జనవరి, శనివారం

అక్కా,

తొమ్మిదిసార్లు ఫోను చేశాను. నీ ఫోను మేడమ్ సొరుగులో ఉంటుందని తెలిసి కూడా చేశాను. ఈ ఉత్తరం నువ్వు వచ్చే శుక్రవారం చూస్తావు. అప్పటికి కాగితం ఆఫీసుకు వెళ్ళడానికి ఇంకా రెండు రోజులు మిగిలి ఉంటాయి. దయచేసి పంపనివ్వకు.

నేను సరదాకు వచ్చాను. అంతే. నాకు బాగుంటుందనిపించి వచ్చాను. నవంబరులోనే టికెట్టు కొన్నాను. వీసా కాగితంలో టిక్కు పెట్టింది విహారయాత్ర అన్న గడికి. ఈ మాట రాయడానికి నాకు ఇన్ని ఉత్తరాలు పట్టింది.

నువ్వు వారానికి ఆరు రోజులు నిలబడే ఉంటావు. నువ్వు నిలబడితే నేను బెంచీ మీద కూర్చుని చదువుకున్నాను. అక్కా, నేను వేడినీళ్ళలో కూర్చోవడానికి వెళ్తున్నాను అని నీకు ఎలా రాయను? అందుకే బ్యాంకు పంపింది అన్నాను. వెళ్ళక తప్పడం లేదన్నాను. అదీ చాలక మెడ నొప్పి కలిపాను. ఒక్కటీ అబద్ధం కాదు, అన్నీ కలిస్తే అబద్ధమైంది. సెలవులు పుంగ్గోల్‌లో నా గదిలో కూర్చునైనా గడపొచ్చు. ఎవరూ నన్ను ఇక్కడికి తోయలేదు.

మన ఇంట్లో ఎవరైనా ఊరు దాటారంటే పని ఉండో, చావు ఉండో, మొక్కు ఉండో దాటారు. ఊరికే వెళ్ళినదాన్ని నేనే మొదట. దాన్ని ఏమని చెప్పాలో మనకు అలవాటు లేదు. ఆ అలవాటు లేకపోవడం నీ రెండేళ్ళు తినేస్తుందని అనుకోలేదు.

నేను ఆరోగ్యంగా ఉన్నాను. సగమవ్వలేదు, రెండు కిలోలు పెరిగాను. ఇక్కడ రొట్టెలు బాగుంటాయి.

పంపనివ్వకు అక్కా.
నిఖిల


కువైట్
30 జనవరి, శుక్రవారం

ఒసే దొంగమొకమా,

సరదాకి పోతున్నానని రాత్తే నేనేమన్నా నరుకుతానా? మంచులో కూచుని వేడినీళ్ళు పోసుకుంటుంది మా చెల్లెలని నాలుగిళ్ళకి చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ నాలుగిళ్ళకీ నువ్వు చచ్చిపోతున్నావని చెప్పాను. ప్రసన్నలక్ష్మి నీకోసం శనివారాలు ఉపాసం ఉంటుంది. మా మేడమ్ దువా చేత్తుంది. ఆళ్ళకి నేనేం చెప్పాలి, రెండు కిలోలు పెరిగిందని చెప్పాలా?

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు ఇంకోటి రాత్తాను. ఇది నాకూ సరిగ్గా అర్థం కావట్లేదు, నువ్వు చదువుకున్నదానివి కాబట్టి చూడు.

నీ ఉత్తరం చదవగానే కాయితం ఎనక్కి అడగడానికి పోయాను. మేడమ్ తిట్టలేదు. ఆదివారం దాకా నా దగ్గరే ఉంటది, నీ ఇష్టం అంది. అని, "ఇంటికెళ్ళి ఏం చేత్తావు సూరమ్మా?" అనడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే. కాయితం అక్కడే వదిలేసి వంటింట్లోకి వచ్చేశాను.

సంతకం పెట్టిన రోజు నేను ఏడవాలి కదా. ఏడవలేదు. ఆ పూట కడుపు నిండా తిన్నాను. చెల్లి కోసం పెట్టాను, నేను మంచిదాన్ని అనుకున్నాను. కాదు పిల్లా. మన రాజోలు ఇంట్లో ఆ రెండు గదులు, తాళం, అమ్మ లేదు, మీ బావ లేడు, పొద్దున్న లేత్తే ఎవరి టిఫినూ లేదు. అది తలుచుకుని డిసెంబరు నుంచీ నాకు గుబులు. నీకు మాటిచ్చేశాను కాబట్టి చెప్పలేకపోయాను. ఇంతలో నీ రోగం దొరికింది. గబుక్కున పట్టేసుకున్నాను. నువ్వు నాకు అబద్ధం చెప్పావో, నాకు అబద్ధమే కావాలో, నాకు తెలీడం లేదు.

ఇంటికి రావాలని ఉంది. రాను అనీ ఉంది. రెండూ ఒకే కడుపులో ఉన్నాయి.

నువ్వు ఊరికే పోయి వచ్చినదానివి. నాకు ఆ నదీ ఆ మేడలూ వద్దు. మొదటి రోజు పొద్దున్న, పని లేకుండా, పిలిచేవాళ్ళు లేకుండా, లేచి ఏం చేశావు? వరసగా రాయి. ఆదివారం దాకా ఫోను నా దగ్గరే ఉంచమని మేడమ్‌ని అడిగాను, సరే అంది.

ఈసారి కలపకు, తియ్యకు.
సూరమ్మ


పుంగ్గోల్
31 జనవరి, శనివారం

అక్కా,

వరసగా రాస్తాను.

నాలుగున్నరకు మెలకువ వచ్చింది. సింగపూర్‌లో అప్పుడు పదకొండున్నర, ఆఫీసులో ఉండవలసిన వేళ. దుప్పటి మడతపెట్టాను. గది శుభ్రం చేసే ఆవిడ వస్తుందని గుర్తొచ్చి, ఆవిడ వచ్చేలోపు బాత్రూము తుడిచేశాను. కప్పు కడిగాను. కడిగిన కప్పు మళ్ళీ కడిగాను. ఫోనులో ఆఫీసు మెయిల్ తెరవబోయాను, తెరుచుకోలేదు. మంచం చివర కూర్చున్నాను. నీకు ఫోను చేసి తిట్టించుకోవాలనిపించింది.

ఏడున్నరకు వెలుగొచ్చింది. కింద టిఫిను తిన్నాను. ఎవరో వచ్చి, నీకిక్కడ ఏం పని అని అడుగుతారనిపించింది. అడిగితే చెప్పడానికి ఇంగ్లీషులో రెండు వాక్యాలు తయారు చేసుకున్నాను. ఎవరూ అడగలేదు.

బయటికి వచ్చి నిలబడ్డాను. ఎటు వెళ్ళాలో ఫోనులో పట్టీ రాసి పెట్టుకున్నాను కానీ వేళ్ళు చలికి పని చేయలేదు. ట్రాము వచ్చింది, ఎక్కాను. ఎక్కడికి పోతుందో తెలియదు. చివరిదాకా వెళ్ళింది. డ్రైవరు వెనక్కి తిరిగి ఏదో అని, దిగమని చెయ్యి చూపించాడు. దిగి, తప్పు చేశానేమో అనుకుంటూ మంచులో నిలబడ్డాను. అతను ఒక ఆపిల్ పండు పూర్తిగా తిని, తలుపు తెరిచి, మళ్ళీ ఎక్కమన్నాడు. అదే ట్రాములో వెనక్కి వచ్చాను. మధ్యాహ్నం అయింది. రొట్టె కొనుక్కుని తిన్నాను. గదికి వచ్చి పడుకున్నాను. ఒక రోజంతా ఏమీ చేయలేదని సిగ్గేసింది.

అంతే అక్కా. బాగుందా అంటే, ఆ రోజు నాకు తెలియలేదు. రెండో రోజు అదే ట్రాము మళ్ళీ ఎక్కాను. నాలుగో రోజు మధ్యాహ్నం చూసుకుంటే, పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా టైము చూడలేదు. అది బాగుండడమే అనుకుంటాను. దానికి మూడు రోజులు భయపడాల్సి వచ్చింది. ఎవరికైనా అన్నే పడతాయని చెప్పలేను. నీకు ఎక్కువ పట్టొచ్చు.

ఇంకో నిజం. రాజోలులో నువ్వు ఏం చేస్తావో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అక్క వచ్చేస్తుంది, హాయిగా ఉంటుంది అని రాస్తూ వచ్చాను. నా ఊహలో నువ్వు వీధి అరుగు మీద కూర్చుని ఉంటావు, అంతే. నిన్ను అక్కడ కూర్చోబెట్టి నేను నా పనిలో పడిపోయాను. మనిషి ఎంతసేపని కూర్చుంటుంది?

నువ్వు సంతకం ఉంచుకున్నా నేను ఏమీ అనను. ఇది మాత్రం నాకోసం చేయకు. ఏ వైపుకైనా.

కలపలేదు, తీయలేదు.
నిఖిల


కువైట్
1 ఫిబ్రవరి, ఆదివారం

నిఖిలా,

ఇది రాత్తున్న కాయితం తిప్పి చూడు, రెండో ఫొటోలో పెట్టాను. అచ్చు అరబ్బీలో ఉంది, అడుగున నా పేరు తెలుగులో ఉంది. ఎనకవైపు తెల్లగా ఉంటే పారెయ్యడం దేనికని దీని మీదే రాత్తున్నాను.

పొద్దున్న మేడమ్ దగ్గరికి పోయి, నేనేం చేత్తానో నాకు తెలీదండీ, అయినా పోతాను అన్నాను. ఆవిడ రంజాను పండగ దాకా ఉండమంది, ఉంటానన్నాను. మార్చి ఇరవై ఏడున విమానం. నీకు రోగం లేదని కూడా చెప్పాను. నమ్మలేదు.

భయం పోలేదు. నీకు మూడు రోజులు పడితే నాకు మూడు నెలలు పడతాయి.

ఒక మాట. నేను దిగిన మర్నాడు పొద్దున్న లేచావా, తిన్నావా, ఏం చేత్తున్నావని నువ్వు ఫోను చెయ్యకు. భయమేత్తే నేనే చేత్తాను.

సూరమ్మ